1959 నాటి ఇంజను 2020 దాకా ఎలా నడిచింది? బెంట్లీ 6.75 టర్బో వీ8 గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పుష్‌రాడ్_పిల్లోడు

అందరికీ నమస్తే. కాకినాడలో మెకానికల్ మూడో ఏడు చదువుతున్నాను. సెమినార్‌కి టర్బోచార్జింగ్ తీసుకున్నాను. క్లాసులో సగం మంది ఇప్పటికే మారుతి, టాటా చిన్న టర్బో పెట్రోళ్ల మీద పడ్డారు, అందుకని వేరేది వెతుకుతుంటే బెంట్లీ 6.75 లీటర్ల వీ8 (వీ ఆకారంలో రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లు) తగిలింది. 1959లో వచ్చిన ఇంజనట, 2020 జూన్ దాకా తయారు చేశారట! మా తాతయ్య ఉద్యోగంలో చేరింది కూడా 1959లోనే, ఆయన 1995లో రిటైరైపోయారు, ఇది ఇంకో పాతికేళ్లు డ్యూటీ చేసింది.

నాకు అర్థం కానివి చెప్తాను. టర్బో (పొగ తోపుకి తిరుగుతూ ఇంజనులోకి గాలి ఊదే చక్రం) అంటే చిన్న ఇంజనుతో పెద్ద ఇంజను పని చేయించడానికి అని చదువుకున్నాం కదా, మరి ముందే ఆరున్నర లీటర్లు దాటిన ఇంజనుకి టర్బో ఎందుకు? పైగా పుష్‌రాడ్లు (కింద ఉన్న క్యామ్ కదలికని పైనున్న వాల్వులకి అందించే కడ్డీలు), సిలిండర్‌కి రెండే వాల్వులు, అంటే మా పుస్తకంలో మొదటి చాప్టర్‌లో "పాత పద్ధతి" అని చెప్పి వదిలేసిన డిజైను. ప్రపంచంలోనే ఖరీదైన కార్లలో దాన్ని అన్నేళ్లు ఎందుకు ఉంచుకున్నారు, డబ్బు లేకనా? ఇంకొకటి, మా సార్ తప్పకుండా అడుగుతారు: 61 ఏళ్లలో అన్నీ మార్చేసి ఉంటారు కదా, మరి అది అదే ఇంజను అని ఎలా అంటాం? పేరు మాత్రమే మిగిలిందా?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి ప్లీజ్. గురువారం సెమినార్, టెన్షన్‌గా ఉంది.

నాలుగో_గేరు

తమ్ముడూ, మంచి టాపిక్ పట్టావు. నేను పుణేలో ఇంజన్ కాలిబ్రేషన్ చేస్తాను. మేం చేసేవి మూడు సిలిండర్ల బుడ్డ ఇంజన్లు గానీ ఈ బెంట్లీ పిచ్చి నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

ముందు ఒకటి సరిచేసుకో. 1959లో వచ్చినప్పుడు అది టర్బో కాదు, 6.75 కూడా కాదు. 6.23 లీటర్లు, మామూలు కార్బ్యురేటర్ ఇంజను. అప్పట్లో రోల్స్ రాయిస్, బెంట్లీ ఒకటే ఇల్లు, ఇంగ్లండ్‌లో క్రూ అనే ఊళ్లో ఫ్యాక్టరీ. అంతకుముందు వాళ్లు వాడింది 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, ఇన్‌లెట్ వాల్వులు పైన, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన ఉండే చిత్రమైన అమరిక. కార్లు ఏటికేడు బరువెక్కుతున్నాయి, పవర్ స్టీరింగ్ వచ్చింది, ఏసీ వచ్చింది, అటు అమెరికాలో మామూలు ఇంటి కార్లలో కూడా వీ8 వచ్చేసింది, ఆ పాత ఆరు సిలిండర్లు ఇక లాగలేని పరిస్థితి. అప్పుడు జాక్ ఫిలిప్స్ అనే ఇంజనీరు చేతి మీదుగా ఈ వీ8 తయారైంది. సిల్వర్ క్లౌడ్ 2, ఫాంటమ్ 5, బెంట్లీ ఎస్2, ఈ మూడింట్లో మొదట పెట్టారు.

డిజైను చూస్తే, 90 డిగ్రీల వీ, అల్యూమినియం బ్లాకు, అందులో విడిగా దింపిన ఇనుప లైనర్లు. ఆ లైనర్ల చుట్టూ నేరుగా నీళ్లు తిరుగుతాయి, అందుకే తడి లైనర్లు అంటారు. వీ మధ్యలో వాల్వులను ఆడించే క్యామ్‌షాఫ్ట్ ఒకే ఒక్కటి, దాన్ని తిప్పేది చెయినూ కాదు బెల్టూ కాదు, గేర్లు. ట్యాపెట్లు (క్యామ్ మీద ఆని పుష్‌రాడ్‌ని తోసే ముక్కలు) హైడ్రాలిక్. ఇదంతా పవర్ కోసం చేసింది కాదు, చప్పుడు రాకూడదని చేసింది. ఆ ఇంటి పద్ధతే అంత, హార్స్‌పవర్ ఎంత అని అడిగితే అంకె చెప్పేవాళ్లు కాదు, "సరిపడా ఉంది" అనేవాళ్లు. (మేం మా క్లయింట్‌కి అలా చెప్తే సాయంత్రానికి ఉద్యోగం ఉండదు.)

1970లో సిల్వర్ షాడో కాలంలో స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) పెంచి 6.75 చేశారు. బోర్ (సిలిండర్ వెడల్పు) ముట్టుకోలేదు. ఎక్కువ తిప్పి పవర్ తీసే ఉద్దేశం ఉంటే బోర్ పెంచి స్ట్రోక్ తక్కువగా ఉంచుతారు, వీళ్లు చేసింది రివర్స్. తక్కువ ఆర్‌పీఎంలో బలంగా లాగాలి, అంతే.

ఇక డబ్బు సంగతి. నువ్వు అన్నది సగం నిజం. 1971లో మాతృ కంపెనీ దివాలా తీసింది, కారణం కార్లు కాదు, ఆర్‌బీ211 అనే విమానం ఇంజను మీద పెట్టిన ఖర్చు. తర్వాత 1973లో కార్ల వ్యాపారం విడిపోయింది. కొత్త ఇంజను గీయడానికి డబ్బూ లేదు, ధైర్యమూ లేదు. ఇంకో పక్క బెంట్లీ పేరు దాదాపు మాయమయ్యే దశ. రోల్స్ కారుకే వేరే గ్రిల్లు పెట్టి బెంట్లీ అని అమ్ముతుంటే కొనేవాడు ఎందుకు కొంటాడు, రోల్స్ బొమ్మే కావాలంటాడు. ఉన్న ఇంజనుతోనే బెంట్లీకి తనదంటూ ఒక గుణం తేవాలి. ఆ అవసరం నుంచి వచ్చింది టర్బో. 1982లో జెనీవా మోటార్ షోలో ముల్సాన్ టర్బో చూపించారు. ఒకే గ్యారెట్ టర్బో, పాత ఇంజను కంటే దాదాపు సగం ఎక్కువ పవర్. 2 టన్నులు దాటిన బండి, చెక్క డ్యాష్‌బోర్డూ మెత్తటి తోలు సీట్లతో, స్పోర్ట్స్ కార్ల వెనకాల పడటం మొదలెట్టింది.

ఇందులో నీ సెమినార్‌కి పనికొచ్చే ముక్క ఒకటుంది. అది ఇంజెక్షన్ ఇంజను కాదు, నాలుగు గొంతుల సోలెక్స్ కార్బ్యురేటర్. టర్బో నుంచి వచ్చే గాలిని కార్బ్యురేటర్‌లోకి ఊదాలి. ఊదితే ఏమవుతుంది? గొంతులో ఒత్తిడి పెరుగుతుంది, పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గదిలో మాత్రం బయటి గాలి ఒత్తిడే ఉంటుంది, పెట్రోలు జెట్‌లోంచి పైకి రావడం మానేసి వెనక్కి తోసుకుపోతుంది. దానికి వాళ్లు చేసింది, మొత్తం కార్బ్యురేటర్‌నే ఒక మూసిన పెట్టెలో పెట్టి ఆ పెట్టెలోకి గాలి ఊదారు. లోపలా బయటా ఒకటే ఒత్తిడి, కార్బ్యురేటర్‌కి తన చుట్టూ టర్బో ఉందన్న సంగతే తెలియదు. మోటుగా ఉంటుంది గానీ నాకు ఇప్పటికీ ఆ పరిష్కారం అంటే ఇష్టం. తర్వాత 80ల చివర్లో బాష్ ఇంజెక్షన్ వచ్చి ఆ పెట్టె అవసరం తీర్చేసింది.

ఇంజను పెరిగింది గానీ మొదటి ముల్సాన్ టర్బో సస్పెన్షన్ మాత్రం పాత మెత్తటిదే, మలుపుల్లో పడవలా ఊగేది. 1985లో టర్బో ఆర్ తెచ్చి అది సరిచేశారు. ఆ "ఆర్" అంటే రోడ్డు మీద పట్టు అని. అక్కడి నుంచి బెంట్లీ అమ్మకాలు తిరిగాయి.

పెద్ద ఇంజనుకి టర్బో ఎందుకు అన్నదానికి విడిగా రాస్తాను, అది తిండి తిన్నాక.

బుల్లెట్_బాబ్జీ

ఇంత కథ ఎందుకన్నా, అది అమెరికా వీ8 కాపీ. అల్యూమినియంలో పోసి బ్రిటిష్ పాలిష్ కొట్టారంతే. గేర్‌బాక్సు కూడా జనరల్ మోటార్స్ వాళ్లదే. ఎప్పుడో చదివాను.

షార్జా_మెకానిక్

బాబ్జీ భాయ్, గేర్‌బాక్సు సంగతి కరెక్టు, ఇంజను సంగతి తప్పు. మొదట్లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సు లైసెన్సు మీద క్రూలోనే తయారు చేసుకున్నారు, తర్వాత వాళ్ల 400 మూడు గేర్ల డబ్బా, ఆ తర్వాత నాలుగు గేర్లది. ఇంజను మాత్రం చేతులు పెట్టినవాడికి తెలుస్తది. ఆ కాలం అమెరికా వీ8 అంటే మామూలుగా పోత ఇనుము బ్లాకు, సిలిండర్ గోడ అందులోనే. అరిగితే బోర్ కొట్టించుడే. దీంట్లో లైనరు లైనరే బయటికి వస్తది. క్యామ్ మధ్యల ఉంది, పుష్‌రాడ్లు ఉన్నయి అంటే కాపీ అయితే, నాలుగు చక్రాలు ఉన్న ప్రతి బండీ కాపీయే.

నాది కరీంనగర్ దగ్గర ఊరు, 19 ఏళ్ల నుంచి ఇక్కడ షార్జాలో గ్యారేజీ పని. ఈ ఇంజన్లు నా చేతి కింద ఇరవై దాకా వచ్చినయి, ఎక్కువ ఆర్నేజులు (1998ల వచ్చిన బెంట్లీ మోడల్), కొన్ని టర్బో ఆర్‌లు. తమ్మీ, నీకు పుస్తకంల దొరకనివి రెండు చెప్త.

మొదటిది, ఆ తడి లైనర్ల సంగతి. అల్యూమినియం బ్లాకు, ఇనుప లైనరు, మధ్యల నీళ్లు. మూడూ ఒక దగ్గర ఉన్నయంటే కూలెంట్ మంచిది ఉండాలె, టైముకు మార్చాలె. ఒక సేటు బండి వచ్చింది, డ్రైవరు నాలుగేండ్లు ట్యాప్ నీళ్లు పోసుకుంటూ నడిపిండు. ఇక్కడి నీళ్లు ఎట్ల ఉంటయో గల్ఫ్‌ల ఉన్నోళ్లకు తెలుసు. హెడ్లు దించి చూస్తే లైనర్ల కింద సీలు కూర్చునే జాగా చెదలు తిన్న చెక్క లెక్క ఉంది. ఇంజను తప్పు ఏం లేదు. నూరు రూపాయల కాడ కక్కుర్తి పడితే లక్షల కాడ తేలింది. సేటు నన్ను తిట్టిండు, డ్రైవరును తిట్టిండు, ఆఖరికి బిల్లు కట్టిండు.

రెండోది మస్తు మందికి తెలియదు. 80ల బండ్లల్ల బ్రేకులకు, వెనక సస్పెన్షన్ ఎత్తు సరిచేసే సిస్టమ్‌కు ఒత్తిడి ఇచ్చే పంపులు రెండు ఇంజను మీదనే, ఆ వీ మధ్యల కూర్చుంటయి. వాటిని కొట్టేది వాల్వులను ఆడించే ఆ క్యామ్‌షాఫ్టే. అంటే ఇంజను తిరిగితేనే ఆ సిస్టమ్‌ల ఒత్తిడి తయారైతది, కొంత నిల్వ గోళాలల్ల దాచిపెట్టుకుంటది. ఆ కాలం నుంచి అందుల పోయాల్సింది పచ్చటి మినరల్ ఆయిల్. మామూలు బ్రేక్ ఆయిల్ పోసిర్రంటే సిస్టమ్‌ల ఉన్న రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి ఖరాబు. "అన్ని బ్రేక్ ఆయిళ్లూ ఒకటే" అనే తెలివి గలోళ్లు ప్రతి గ్యారేజీల ఒకడుంటడు, వాని చేతికి ఈ బండి ఇయ్యొద్దు.

అసలు ఇంజను మాత్రం మొండిది. తిరిగేదే తక్కువ, ఇంక అరుగుడేంది.

నాలుగో_గేరు

మెకానిక్ అన్నా, క్యామ్‌తో కొట్టే పంపుల సంగతి భలే గుర్తు చేశారు. ఇంకోటి కూడా కలుపుతాను. మొదటి తరం ఇంజనులో స్పార్క్ ప్లగ్గులు ఎగ్జాస్ట్ మానిఫోల్డు కింద ఉండేవి, మార్చాలంటే ముందు చక్రం పక్కన రేకు ఊడదీసి అటు నుంచి చెయ్యి పెట్టాలి. డిజైన్ చేసినాయన ఎప్పుడూ ప్లగ్గు మార్చి ఉండడు.

ఇక తమ్ముడి మొదటి ప్రశ్న. చిన్న ఇంజనుకి టర్బో పెట్టేది అది పెద్దదానిలా ప్రవర్తించాలని, సరే. దీనికి పెట్టింది తిప్పాల్సిన పని లేకుండా చెయ్యడానికి. లెక్క చూడు. 2010 ముల్సాన్‌లో ఈ ఇంజను 1,020 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేది, అది కూడా 1,750 ఆర్‌పీఎం దగ్గర. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి చూస్తే ఆ వేగం దగ్గరే దాదాపు 250 హార్స్‌పవర్ వస్తుంది. మన కార్లు ఐడ్లింగ్ దాటి గొంతు సవరించుకునే వేగం అది, అక్కడే 250! గరిష్ఠం 505 హార్స్‌పవర్, 4,200 దగ్గర. ఆపై 4,500 అంటే ఎర్ర గీతే. డీజిల్ లారీ మనస్తత్వం ఉన్న పెట్రోల్ ఇంజను అనుకో.

టర్బో లాగ్ గురించి కూడా ఆలోచించు. 1.2 లీటర్ ఇంజనులో టర్బో అందుకునే లోపు నీ దగ్గర ఏమీ ఉండదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది ఆ సంగతి. ఇక్కడ టర్బో ఇంకా నిద్ర లేవకముందే 6.75 లీటర్లు తమ పని తాము చేస్తుంటాయి. లాగ్ లేక కాదు, కనపడదు. 1982లో ఎలక్ట్రానిక్స్ అంతంత మాత్రంగా ఉన్న రోజుల్లో కూడా ఆ కారు సాఫీగా లాగిందంటే కారణం అదే. కంప్రెషన్ నిష్పత్తి 8 దగ్గరికి దించారు, నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలి కొట్టుకోవడం) రాకుండా. చిన్న ఇంజనులో అంత దించితే బూస్ట్ వచ్చేదాకా చచ్చుగా ఉంటుంది, ఇంత పెద్ద దాంట్లో పట్టింపు లేదు.

ఇప్పుడు నీ "పాత పద్ధతి" మాటకి వస్తాను. నీ క్లాసులో టాటా చిన్న టర్బోల మీద పడ్డారన్నావు కదా, అందులో నెక్సాన్ తీసుకో, దాని 1.2 టర్బో పెట్రోల్ టార్క్ 170 న్యూటన్ మీటర్లు. లీటరుకి లెక్కేస్తే సుమారు 142. ముల్సాన్ లీటరుకి 151. అంటే సిలిండర్‌కి రెండు వాల్వులతో, పుష్‌రాడ్లతో, 1950ల గీతల మీద నిలబడ్డ ఇంజను లీటరుకి టార్క్‌లో ఈ కాలం టర్బో కంటే వెనకబడలేదు. హార్స్‌పవర్ తీసుకో, నెక్సాన్ లీటరుకి దాదాపు 100, ముల్సాన్ 75. తేడా ఎక్కడొచ్చింది? పై ఆర్‌పీఎంలో. రెండు వాల్వుల తల అక్కడ ఊపిరి పీల్చుకోలేదు. కింద ఆర్‌పీఎంలో పీల్చాల్సిన అవసరం లేదు, టర్బో నోట్లో ఊదుతోంది కాబట్టి. పాత డిజైనుకి ఉన్న పెద్ద లోపాన్ని టర్బో సగం కప్పేసింది, మిగతా సగం అసలు ఎవరూ వాడని ఆర్‌పీఎంలో ఉంది. ఇది నీ సెమినార్‌లో పెట్టు, మీ సార్ కళ్లజోడు సర్దుకుంటారు.

అయితే ఇదంతా 1959లో ఊహించి చేశారని మాత్రం చెప్పకు. జాక్ ఫిలిప్స్ టర్బో కోసం గీయలేదు. నిశ్శబ్దం కోసం, ఎక్కువ కాలం మన్నడం కోసం తక్కువ వేగంతో తిరిగేలా, అవసరానికి మించిన బలంతో గీశాడు. ఆ మిగులు బలాన్నే తర్వాతివాళ్లు 61 ఏళ్లు తవ్వుకున్నారు. నేనిలా అంటే కొందరు ఒప్పుకోరు, తర్వాతి మార్పులే అసలు ఘనత అంటారు.

పుష్‌రాడ్_పిల్లోడు

అన్నా దండం. నెక్సాన్ లెక్క రెండుసార్లు వేసుకున్నాను, నిజమే! మా రూమ్మేట్‌కి చూపిస్తే నమ్మలేదు, వాడిదే నెక్సాన్ టాపిక్.

కానీ ఒక డౌటు. మధ్యలో బీఎండబ్ల్యూ ఇంజను పెట్టారని కూడా ఎక్కడో కనిపించింది. అంటే ఒకసారి తీసేశారా?

స్టోక్‌లో_సత్తిబాబు

తీసేశారు, మళ్లీ తెచ్చుకున్నారు. నేను క్రూకి పక్కనే స్టోక్‌లో ఉంటాను, ఐటీ ఉద్యోగం, కార్లతో సంబంధం లేదు గానీ ఇక్కడ పబ్బులో కూర్చుంటే పెద్దవాళ్లు ఈ కథ ఎత్తకుండా ఉండరు.

1998లో ఆర్నేజ్ వచ్చినప్పుడు అందులో పెట్టింది బీఎండబ్ల్యూ 4.4 లీటర్ల వీ8, కాస్‌వర్త్ అనే ఇంజన్ల కంపెనీ వాళ్లు రెండు టర్బోలు తగిలించి ట్యూన్ చేసింది. సిలిండర్‌కి నాలుగు వాల్వులు, పైన క్యామ్‌లు, నీ పుస్తకం చివరి చాప్టర్‌లో ఉండేవన్నీ ఉన్నాయి. 350 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే పాతదాన్ని మ్యూజియంకి పంపాల్సిందే. కానీ టార్క్ 570 దరిదాపుల్లో ఆగిపోయింది, పాత టర్బో బళ్లు నడిపినవాళ్లకి ఆనలేదు.

అదే ఏడాది కంపెనీ అమ్మకానికొచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లు పెట్టి ఫ్యాక్టరీతో సహా అంతా కొన్నది, తీరా చూస్తే రోల్స్ రాయిస్ అనే పేరు వాడుకునే హక్కు విమానాల ఇంజన్ల కంపెనీ చేతిలో ఉంది, వాళ్లు దాన్ని 4 కోట్లకి బీఎండబ్ల్యూకి ఇచ్చేశారు. ఇల్లు ఒకడు కొంటే ఇంటిపేరు ఇంకొకడు కొనుక్కున్నట్టు. ఆఖరికి ఒప్పందం ఏమిటంటే 2003 నుంచి రోల్స్ బీఎండబ్ల్యూకి, బెంట్లీ ఫోక్స్‌వ్యాగన్‌కి. మరి నీ పోటీదారుడు ఇచ్చే ఇంజనుతో నీ కారు ఎన్నాళ్లు అమ్ముతావు? అలా 1999లో పాత 6.75 మళ్లీ ఆర్నేజ్‌లోకి వచ్చింది, రెడ్ లేబుల్ పేరుతో. 400 హార్స్‌పవర్, 835 న్యూటన్ మీటర్లు. బీఎండబ్ల్యూ ఇంజను బండికి గ్రీన్ లేబుల్ అని పేరు పెట్టారు. జనం ఎర్రదాని వైపే వెళ్లారు.

నాలుగో గేరు గారు డబ్బు లేక ఉంచుకున్నారన్నట్టు రాశారు, 70ల విషయంలో ఒప్పుకుంటాను. కానీ 1999 తర్వాత ఫోక్స్‌వ్యాగన్ దగ్గర డబ్బుకి కొదవా? వాళ్లు 2003లో కాంటినెంటల్ జీటీకి 6 లీటర్ల డబ్ల్యూ12 ట్విన్ టర్బో పెట్టారు. పెద్ద బెంట్లీకి కూడా అదే పెట్టేయొచ్చు. పెట్టలేదు. కొనేవాడు అడిగింది పాతదాన్నే.

షార్జా_మెకానిక్

సత్తిబాబు అన్న చెప్పింది కరెక్టు. గ్రీన్ లేబుల్ బండి కొందరికి ఇష్టమే, ముందు బరువు తక్కువ, తిప్పుకోనీకి సులువు. కానీ మా దగ్గరికి వచ్చే సేట్లల్ల ఎక్కువ మంది ముందు బానెట్ ఎత్తి చూసేది ఏ ఇంజను అనే.

చార్మినార్_చాయ్

ఈ తిరుగుడంతా చదివి నేను చెప్పేది, చౌమహల్లా ప్యాలెస్‌కి పోండి, నిజాం గారి పసుపు రంగు రోల్స్ ఉంది, 1912 మోడల్. లోపల సింహాసనంలాంటి సీటు. ఈ వీ8కి దానికి చుట్టరికం లేదు, అది ఆరు సిలిండర్ల సైడ్ వాల్వు ఇంజను. అయినా చూడండి, టికెట్ డబ్బులు గిట్టుబాటు.

నాలుగో_గేరు

సత్తిబాబు గారూ, ఒప్పుకుంటున్నాను. 70ల్లో గతి లేక ఉంచుకున్నది, 2000 తర్వాత ఇష్టపడి ఉంచుకున్నది. చిత్రం ఏమిటంటే ఇష్టపడ్డ రోజుల్లోనే దీనికి అసలు చదువు చెప్పించారు.

తమ్ముడి మూడో ప్రశ్నకి అదే జవాబు. 2002లో ఆర్నేజ్ టీలో ఒక పెద్ద టర్బో తీసేసి రెండు చిన్నవి పెట్టారు, ఒక్కో వరసకి ఒకటి. ఎనిమిది సిలిండర్ల పొగని ఒక చోటికి మోసుకొచ్చే పొడుగాటి గొట్టాలు పోయాయి, చిన్న చక్రం కాబట్టి తొందరగా వేగం అందుకుంటుంది. 450 హార్స్‌పవర్. 2007కి టర్బోలు మార్చి 500 దాకా తెచ్చారు, టార్క్ 1,000కి చేరింది, ఆరు గేర్ల జెడ్‌ఎఫ్ బాక్సు వచ్చింది. 2010 ముల్సాన్‌కి క్రాంకు, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు అన్నీ కొత్తవి. క్యామ్ టైమింగ్ మార్చే ఫేజరు వచ్చింది. ఉన్నది ఒకే క్యామ్ కాబట్టి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ కలిసే జరుగుతాయి, ఆ ఇబ్బంది అలాగే ఉంది. నింపాదిగా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్ల వాల్వులు తెరవకుండా ఆపేసే ఏర్పాటు కూడా పెట్టారు. ఇది పుష్‌రాడ్ ఇంజనులో ఓవర్‌హెడ్ క్యామ్ కంటే సులువు, ట్యాపెట్ దగ్గరే తాళం తీసేస్తే సరి, పైనున్న వాల్వుకి కబురే అందదు. చూశావా, పాత పద్ధతి ఒక్కోసారి ఇలా కలిసొస్తుంది. చివరికి ముల్సాన్ స్పీడ్‌లో 530 హార్స్‌పవర్, 1,100 న్యూటన్ మీటర్లు. మొదటిది 200 చుట్టుపక్కల ఉండేది. 2020 జూన్‌లో ఆపే నాటికి మొత్తం 36,000 చిల్లర ఇంజన్లు, అన్నీ మనుషులు చేత్తో బిగించినవే. అరవై ఏళ్లకి 36,000 అంటే మన దేశంలో పెద్ద కంపెనీకి నెల కూడా పట్టదు.

మరి అది అదే ఇంజనా? మా ఊరి గుడి తేరుకి చక్రాలు మార్చారు, ఇరుసు మార్చారు, పై చెక్కంతా మార్చారు, ఏ ముసలాయన్ని అడిగినా తాతల నాటి తేరు అనే అంటాడు. అది గుడికి చెల్లుతుంది గానీ మీ సార్‌కి చెల్లదు. ఇంజనీరు జవాబు ఇలా చెప్పు: 1959 ఇంజను విడిభాగం తీసుకెళ్లి 2020 ఇంజనులో బిగించడం కుదరదు, కాబట్టి భాగాల లెక్కలో అది కొత్తది. అమరిక మాత్రం అదే, 90 డిగ్రీల వీ, అల్యూమినియం బ్లాకు, మధ్యలో ఒకే క్యామ్, పుష్‌రాడ్లు, అదే బోర్. ప్రతి తరం ముందు తరం మీద కూర్చుని గీసినదే, తెల్ల కాగితం ఎప్పుడూ తీయలేదు. ఆ అర్థంలో ఒకే ఇంజను.

ఎందుకు ఆపారంటే, పొగ నిబంధనలు. ఆ కొలతల ఇంజనుతో ఇక ముందుకు పోలేరు. ఇప్పుడు కాంటినెంటల్ జీటీ స్పీడ్‌లో 4 లీటర్ల ట్విన్ టర్బో వీ8, తోడుగా కరెంటు మోటారు, రెండూ కలిసి 1,000 న్యూటన్ మీటర్లు. ఒకప్పుడు 6.75 లీటర్లు చేసిన ఆ అడుగు ఆర్‌పీఎం పని ఇప్పుడు మోటారు చేస్తోంది.

బుల్లెట్_బాబ్జీ

సరే, కాపీ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ బెంట్లీ పెట్టినాయనకి అసలు గాలి ఊదే పద్ధతే గిట్టదు అని విన్నాను, అదైనా నిజమేనా లేక దానికీ తిడతారా?

స్టోక్‌లో_సత్తిబాబు

హహ, ఇది నిజం. వాల్టర్ ఓవెన్ బెంట్లీకి సూపర్‌చార్జర్ అంటే అస్సలు పడదు. పవర్ కావాలా, ఇంజను పెద్దది చెయ్యి అనేవాడు. ఆయన మాట వినకుండా టిమ్ బర్కిన్ అనే రేసర్ నాలుగున్నర లీటర్ల బండికి సూపర్‌చార్జర్ తగిలించి "బ్లోయర్" చేయించాడు. పేరు దానికొచ్చింది, 1930లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల రేసు గెలిచింది మాత్రం ఊదే యంత్రం లేని స్పీడ్ సిక్స్. ఆ రేసు ట్రాక్‌లో ఉన్న పొడుగాటి దారి పేరే ముల్సాన్. అంటే 1982లో ఆయనకి నచ్చిన పెద్ద ఇంజను తీసుకుని, ఆయనకి నచ్చని గాలి ఊదించి, ఆయన గెలిచిన చోటి పేరు పెట్టి అమ్మారు.

పుష్‌రాడ్_పిల్లోడు

ఇది మొదటి స్లయిడ్‌లో పెట్టేస్తున్నాను. అందరికీ చాలా చాలా థ్యాంక్స్.

చివరిగా ఒక్కటి, తిట్టకండి. కొలతల స్లయిడ్‌లో బోర్ 104.1, స్ట్రోక్ 91.4 మిల్లీమీటర్లు అని రాసి ఎనిమిది సిలిండర్లకి లెక్క కడుతుంటే 6.22 లీటర్లే వస్తోంది. మూడుసార్లు చేశాను. 6.75 రావట్లేదు. ఫార్ములా తప్పా?

నాలుగో_గేరు

ఫార్ములా కరెక్టే, నువ్వు వేసింది 1959 స్ట్రోక్. 1970 నుంచి 99.1. అది వేసి మళ్లీ చెయ్యి, 6,750 సీసీ దగ్గర తేలుతుంది. బోర్ ముట్టుకోకు, వాళ్లే ముట్టుకోలేదు.